ముగ్గురమే నవ్విన చోట

మేము ముగ్గురు స్నేహితులం కలిసి ఒక హాస్యచిత్రానికి స్క్రీన్‌ప్లే రాశాం. మొదటి వాక్యం కాగితం మీద పడిన రోజు నుంచి స్క్రిప్ట్ లాక్ చేసుకున్న రోజు వరకు పద్నాలుగు నెలలు పట్టింది. మా వెనుక నిర్మాణ సంస్థ ఏదీ లేదు, పేరున్న నటులెవరూ లేరు. ముగ్గురికీ వేరే ఉద్యోగాలున్నాయి కాబట్టి వారంలో రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం మాత్రమే కథకు దక్కేవి. ఆ పద్నాలుగు నెలల్లో తెలిసివచ్చిన వాటిలో ఒకదాని గురించి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. స్నేహితులు కలిసి హాస్యం రాస్తున్నప్పుడు ఆ గదిలో పుట్టే నవ్వు చాలావరకు స్నేహం వల్ల పుట్టినదే కానీ కథ వల్ల పుట్టినది కాదు. ఆ రెంటినీ విడదీసి చూడడం చేతనయ్యేదాకా మేము రాసిన పేజీల్లో సగానికి పైగా మాకోసం మేము రాసుకున్నవే.

ముందు కథ చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పబోయేవి అర్థం కావు. అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ఒక ఉద్యోగి, నాలుగు రోజుల పాటు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లో విశ్రాంతిగా ఉండాలనుకుని, ఊరు వెళుతున్నానని ఆఫీసులో అబద్ధం చెప్పి సెలవు పెడతాడు. అతని ఇంటి యజమాని ఆఫీసులోని మేనేజరుకు స్వయానా అన్న. అద్దెకున్న మనిషి ఊళ్లో లేడని తమ్ముడి ద్వారా తెలుసుకున్న యజమాని, అతణ్ని ఖాళీ చేయించి ఇంకెవరికైనా ఎక్కువ అద్దెకు ఇవ్వాలనే ఆశతో, తన దగ్గరున్న రెండో తాళంచెవిని బ్రోకరు చేతిలో పెట్టి, చెప్పాపెట్టకుండా ఇల్లు చూపించమంటాడు. బ్రోకరు తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి మన కథానాయకుడు హాలు మధ్యలో నిలబడి ఉంటాడు. తానెవరో చెబితే అబద్ధం మేనేజరుదాకా వెళుతుంది. అందుకని తానూ ఇల్లు చూడడానికే వచ్చానని, తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చానని అంటాడు. అక్కడి నుంచి అతను తన ఇంటిని తానే అద్దెకు అడుగుతూ, చూడవచ్చిన ప్రతివాళ్ల ముందూ ఆ ఇంటిని తక్కువ చేసి మాట్లాడి, వాళ్లను ఒక్కొక్కరినే సాగనంపుకోవాలి.

ఈ ఆలోచన ముగ్గురం మాట్లాడుకుంటుండగా పుట్టింది. ముందు ఎవరి నోటి నుంచి వచ్చిందో ఇప్పుడు ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఆ అనిశ్చితే తర్వాత మాకు మేలు చేసింది. నాది అని చెప్పుకోవడానికి ఎవరికీ ఆధారం లేకపోవడంతో కథ మొదటి రోజు నుంచీ ముగ్గురిదీ అయింది.

మా మిత్రుడు మాటకారి. ఒక మనిషి మాట్లాడే తీరును రెండు నిమిషాలు వింటే చాలు, అదే తీరులో అరగంట మాట్లాడగలడు. మా మిత్రురాలి దృష్టి ఎప్పుడూ కథ కట్టుబడి మీదే ఉంటుంది. ఏ సీను తీసేస్తే ఏ సీను నిలబడదో ఆమె ముందుగానే చెప్పగలదు. వాళ్లిద్దరూ చెప్పినవాటిని సీనుగా మార్చి టైపు చేసే పని నాది. పని విభజన చక్కగా కుదిరిందని మొదట్లో సంబరపడ్డాం. తర్వాత తెలిసిందేమిటంటే, మాటలన్నీ ఒక్కరే చెబితే పాత్రలన్నీ ఆ ఒక్కరిలాగే మాట్లాడతాయి. బ్రోకరు, కథానాయకుడు, ఇల్లు చూడవచ్చిన పెద్దావిడ, అందరూ ఒకే చమత్కారంతో, ఒకే వేగంతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ విషయం మేము కనిపెట్టడానికి నాలుగు నెలలు పట్టింది, ఎందుకంటే ఆ నాలుగు నెలలూ మేము నవ్వుతూనే ఉన్నాం.

ఆ నవ్వు గురించే చెప్పాలి. బ్రోకరు పాత్రకు మా మిత్రుడు ఒక ఊతపదం ఇచ్చాడు. ప్రతి వాక్యం చివరా బ్రోకరు "అంటే అన్నానంటారు గానీ" అంటాడు. మా ముగ్గురికీ చదువు చెప్పిన ఒక మాస్టారికి అదే ఊతపదం ఉండేది. మిత్రుడు ఆ మాట అనగానే మా కళ్ల ముందు ఆయన నడక, ఆయన కళ్లజోడు సర్దుకునే తీరు, పరీక్ష పేపర్లు తిరిగిచ్చేటప్పుడు ఆయన పెట్టే నిట్టూర్పు, అన్నీ ఒక్కసారిగా కదిలేవి. పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. సీను అద్భుతంగా వచ్చిందని నిర్ణయించుకుని తర్వాతి దానికి వెళ్లేవాళ్లం. నిజానికి కాగితం మీద ఉన్నది ఆ మూడు పదాలే. మాస్టారు కాగితం మీద లేరు, మా జ్ఞాపకంలో ఉన్నారు. స్క్రిప్ట్ చదివే మనిషికి మా జ్ఞాపకాన్ని జతచేసి పంపలేం కదా.

నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ నాడీశాస్త్రవేత్త గురించి ఆ తర్వాత చదివినప్పుడు మా అనుభవానికి ఒక వివరణ దొరికినట్లయింది. ఆయన తన విద్యార్థులతో కలిసి, బయట నలుగురు చేరే చోట్ల మనుషులు మామూలుగా మాట్లాడుకుంటుండగా వచ్చిన నవ్వులను 1,200 సందర్భాల్లో నమోదు చేశాడు. నవ్వుకు ముందు పలికిన మాటల్లో కాస్తయినా హాస్యం ఉందనదగినవి 10 నుంచి 20 శాతం మాత్రమే. మిగతావన్నీ "సరే, మళ్లీ కలుద్దాం" వంటి మామూలు మాటలే. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే మరొకరి సమక్షంలో నవ్వే అవకాశం 30 రెట్లు ఎక్కువని కూడా ఆయన చెప్పాడు. అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసినది వేరొకటి: వినేవాళ్ల కంటే మాట్లాడుతున్నవాళ్లే 46 శాతం ఎక్కువగా నవ్వుతారట. ముగ్గురు రచయితలు ఒక గదిలో కూర్చుని, వంతులవారీగా మాట్లాడుతూ, తాము రాసింది నవ్వు తెప్పిస్తోందో లేదో తమ నవ్వుతోనే కొలుచుకుంటే ఆ కొలత ఎంత తప్పుగా వస్తుందో ఈ అంకెలు చెబుతాయి. మనుషులు నవ్వేది ముఖ్యంగా ఒకరికొకరు దగ్గరగా ఉన్నామని తెలపడానికే. మేము దగ్గరివాళ్లం. అందుకే నవ్వాం.

ఐదో నెలలో మొదటి డ్రాఫ్టు పూర్తయ్యాక టేబుల్ రీడ్ పెట్టుకున్నాం, అంటే నటుల చేత స్క్రిప్ట్ మొత్తం పైకి చదివించి వినడం. స్క్రీన్‌ప్లే ప్రమాణ రూపంలో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అవుతుందని లెక్క. వేగంగా మాటలు నడిచే హాస్యంలో నిమిషం కంటే తక్కువే పట్టవచ్చు. మాది అప్పటికి 118 పేజీలుంది. చదవడానికి ముగ్గురు రంగస్థల నటులు ఒప్పుకున్నారు. వినడానికి ఎనిమిది మందిని పిలిచాం. వాళ్లలో మాకు స్నేహితులెవరూ ఉండకూడదని మిత్రురాలు పట్టుబట్టింది, పరిచయస్తుల పరిచయస్తులనే పిలిపించింది. మేము ముగ్గురం చదవకూడదని, వెనుక వరుసలో వేర్వేరుగా కూర్చోవాలని, నవ్వకూడదని కూడా ఆమే నియమం పెట్టింది. తలా ఒక కాపీ, తలా ఒక పెన్సిలు. ఎవరైనా నవ్విన ప్రతిచోటా గీత గీయాలి.

ముప్పై ఏడో పేజీలో ఉంది మేము అన్నింటికంటే ఎక్కువ నవ్వుకున్న సీను. ఒక వృద్ధ దంపతులు ఇల్లు చూడడానికి వస్తారు, వాళ్లకు ఇల్లు బాగా నచ్చుతుంది, కథానాయకుడు వాళ్ల మనసు మార్చడానికి ఇంటి లోపాలన్నీ ఏకరువు పెడతాడు, బ్రోకరు ప్రతి లోపానికీ ఒక సమాధానం చెప్పి చివర ఊతపదం తగిలిస్తాడు. నాలుగు పేజీల సీను. నటులు బాగా చదివారు. నాలుగు పేజీల్లోనూ ఒక్క గీత కూడా పడలేదు. ఆ ఎనిమిది మందీ మర్యాదస్తులు, శ్రద్ధగా విన్నారు. ఒకాయన మధ్యలో తన ముందున్న కాగితాన్ని సరిచేసుకున్నారు. కాగితం కదిలిన ఆ చప్పుడు గదంతా వినబడింది.

ఆ రాత్రి ముగ్గురి కాపీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. వాళ్లు నవ్విన చోట్లు తక్కువే, కానీ ఉన్నాయి. ఆశ్చర్యమేమిటంటే వాటిలో చాలావాటిని మేమెప్పుడూ హాస్యం కింద లెక్కవేయలేదు. కథానాయకుడు తన ఇంట్లోనే తన చెప్పులు విప్పడానికి బ్రోకరు అనుమతి అడిగిన చోట నవ్వారు. మేము ఆ మాటను కేవలం సీను నడిపించడం కోసం రాశాం. చమత్కారం ఉన్న చోట నవ్వు లేదు, అవసరం ఉన్న చోట నవ్వు ఉంది. పాత్రకు గట్టిగా ఏదో కావాలి, అది బయటికి చెప్పుకోలేని పరిస్థితి ఉంది. ఆ రెండూ కలిసిన ప్రతిచోటా గీత పడింది. పాత్ర పక్కకు తప్పుకుని మా మిత్రుడు మాట్లాడిన ప్రతిచోటా నిశ్శబ్దం పడింది.

హాస్యాన్ని ముందుగా బయటివాళ్ల మీద పరీక్షించి చూసుకోవడం కొత్త సంగతేమీ కాదు. అమెరికన్ హాస్యనటులు మార్క్స్ సోదరులు హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియోకు చేసిన మొదటి సినిమా 1935లో వచ్చింది. దాని షూటింగు మొదలుకాకముందే నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్ అందులోని ముఖ్యమైన హాస్య సన్నివేశాలను రంగస్థల ప్రదర్శనగా మార్చి ఊరూరా తిప్పించాడు. రచయితలు కూడా వెంట వెళ్లి, ప్రేక్షకులు నవ్వని మాటలను మారుస్తూ వచ్చారు. నవ్వు ఎంతసేపు నిలుస్తుందో గమనించి, తర్వాతి మాట ఆ నవ్వులో మునిగిపోకుండా ఎంత విరామం వదలాలో కూడా అక్కడే తేల్చుకున్నారు. అప్పటికే ఏళ్ల తరబడి వేదిక మీద జనాన్ని నవ్వించిన వాళ్లకే ఆ పరీక్ష అవసరమైందంటే, మొదటి స్క్రిప్ట్ రాస్తున్న మాకు అది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ముప్పై ఏడో పేజీని తిరగరాయడానికి ఐదు వారాలు పట్టింది. మొదటి మూడు వారాలు వృథా అయ్యాయి, ఎందుకంటే ఇంకా మంచి లోపాలు, ఇంకా చురుకైన సమాధానాలు వెతకడం మీదే దృష్టి పెట్టాం. పొరపాటు మాటల్లో లేదని మిత్రురాలు గుర్తించింది. "అతనికి ఈ సీనులో కావలసింది ఒక్కటే ఉంది, ఇల్లు బాగోలేదని చెప్పడం. చెబుతున్నాడు. అడ్డేముంది? చెప్పలేకపోవాలి కదా?" అని ఆమె అడిగింది. తన ఇంటిని తిట్టుకోవాలనే అవసరానికి ఎదురుగా మరో అవసరం నిలబడాలి, అది కూడా అతని లోపలి నుంచే రావాలి. ఆ ప్రశ్న మీద ఒక ఆదివారమంతా కూర్చున్నాం. చివరికి దొరికింది ఏమిటంటే, అతను ఇంటిని తిట్టగలడు కానీ తనను ఇంకెవరైనా తిడితే భరించలేడు.

కొత్త సీనులో పెద్దావిడ ఇంటిని చూడదు, ఇంట్లో ఉంటున్న మనిషిని ఊహిస్తుంది. మడవని దుప్పటి చూస్తుంది, ఒక్కటే ఉన్న కుర్చీ చూస్తుంది. "ఎవరో పాపం, ఎవరూ లేని మనిషిలా ఉన్నాడు" అంటుంది. బ్రోకరు, తనకేమీ తెలియకపోయినా, అద్దెకున్నవాణ్ని తక్కువ చేస్తే ఇల్లు త్వరగా కుదురుతుందని, అవునండీ బొత్తిగా బాధ్యత లేని మనిషండీ అంటాడు. కథానాయకుడు తలూపాలి. తలూపితే పని జరుగుతుంది, ఎందుకంటే ఇల్లు పాడుచేశాడంటే వాళ్లు వెళ్లిపోతారు. కానీ తలూపలేడు. ఆవిడ బాల్కనీలోని కుండీలు చూసి, "మొక్కలకు నీళ్లు పోసే దిక్కు కూడా లేదు" అనగానే అతను ఆగలేక, "పోశాడండీ, పొద్దున్నే పోశాడు" అనేస్తాడు. అందరూ అతని వంక తిరుగుతారు. అతను కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "పోసి ఉంటాడు" అంటాడు.

"పోశాడు", "పోసి ఉంటాడు". ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే ఆ సీను. కంటితో చూసినవాడు మొదటిది అంటాడు, ఊహించినవాడు రెండోది అంటాడు. అతను ఊహించిన మనిషిలా నటించాలి, కానీ నోటివెంట చూసిన మనిషి మాట వచ్చేసింది. ఇందులో చమత్కారమేదీ లేదు, క్రియ రూపం మారిందంతే. నాకు మన భాష మీద ఎప్పటినుంచో ఉన్న ప్రేమ ఆ రోజు మరికాస్త పెరిగింది. ఒక మనిషి అబద్ధమంతా క్రియాపదం చివర దాక్కోగలదని నేను అంతకుముందు ఎన్నడూ ఆలోచించలేదు. ఆ సీనులో ఆ తర్వాత అతను మాట్లాడే ప్రతి వాక్యం అలాగే నిశ్చయంగా మొదలై, సందేహంగా ముగుస్తుంది. మాటలు రాసింది నేను, క్రమం కూర్చింది మిత్రురాలు, "పోసి ఉంటాడు" ముందు ఆ చిన్న ఆగడం పెట్టింది మా మిత్రుడు. ఆ ఆగడం లేకపోతే మాట పేలదు.

తిరగరాసేటప్పుడు ఒక పాత పద్ధతి మాకు చాలా ఉపయోగపడింది. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది రాయడం. టైపు చేసిన పేజీల్లో కనిపించని లోపం అలా చేతిరాతలో వెంటనే కనిపించింది. మా మొదటి డ్రాఫ్టును ఆ తీరులో విడదీసి రాసుకుంటే పేజీల తరబడి ఎడమవైపు ఖాళీ, కుడివైపు కిక్కిరిసిన మాటలు. మేము సినిమా రాస్తున్నామనుకుంటూ రేడియో నాటకం రాశామన్నమాట. ఆ తర్వాత ఏ సీనులోనైనా ఎడమవైపు నాలుగు వాక్యాలైనా లేకపోతే దాన్ని పక్కనపెట్టి, ఈ మాటను చేత్తో చెప్పగలమా, చూపుతో చెప్పగలమా, ఒక వస్తువుతో చెప్పగలమా అని ఆలోచించేవాళ్లం. ఒంటరితనం గురించి కథానాయకుడు చెప్పుకునే ఒక పేజీ సంభాషణ ఆ ఒక్క కుర్చీతో పోయింది.

స్వతంత్రంగా తీయబోయే సినిమా కాబట్టి కథంతా ఒకే ఇంట్లో ఉండాలని ముందే అనుకున్నాం. లొకేషన్ మారిన కొద్దీ షూటింగు రోజులు పెరుగుతాయి, రోజులు పెరిగితే మా స్థోమత దాటిపోతుంది. మొదట దాన్ని మా మీద పడిన పరిమితిగా చూశాం. కానీ ఇల్లొక్కటే అయినప్పుడు ఆ ఇంటి తలుపులు పాత్రలంత ముఖ్యమవుతాయి. మిత్రురాలు ఇంటి ప్లాను గీసి గోడకు అంటించింది. ముందు తలుపు, బాల్కనీ తలుపు, స్నానాలగది, పడకగది. ఎవరు ఎక్కడున్నప్పుడు ఎవరికి ఎవరు కనబడరో చూసుకోవడానికి బొత్తాలను పాత్రలుగా పెట్టి జరిపేవాళ్లం. దాని పక్కనే మరో పట్టీ ఉండేది: వరుసగా సీన్లు, ఒక్కో పాత్రకు ఒక్కో గడి, ఆ గడిలో ఆ క్షణానికి ఆ పాత్రకు ఏం తెలుసు, ఏం తెలియదు. ప్రేక్షకుడికీ ఒక గడి ఉండేది. ఈ తరహా హాస్యంలో ప్రేక్షకుడికి పాత్ర కంటే కాస్త ఎక్కువ తెలిసి ఉండాలి. ఆ "కాస్త" ఎంతో ఆ పట్టీలో చూసుకునేవాళ్లం. రెండు సీన్ల పాటు ఏ గడీ మారకపోతే అక్కడ కథ కదలడం లేదని అర్థం. అలా పదకొండు సీన్లు తీసేశాం, 118 పేజీలు 94కు వచ్చాయి. నాకు ఈ పనిలో అన్నింటికంటే తృప్తినిచ్చిన రోజులు అవే.

అన్నింటికంటే బాధపెట్టిన రోజులూ వాటి పక్కనే ఉన్నాయి. "అంటే అన్నానంటారు గానీ" తీసేయాలని మిత్రురాలు, నేను అన్నాం. మా మిత్రుడు ఒప్పుకోలేదు. టేబుల్ రీడ్‌లో నటుడు సరిగా పలకలేదన్నాడు, ఆ ఊతపదమే బ్రోకరుకు ప్రాణమన్నాడు, చివరికి నేను ఏం రాసినా మీరిద్దరూ ఒక్కటైపోతున్నారన్నాడు. ఆ చివరి మాటలో కొంత నిజముంది. ముగ్గురు కలిసి రాసేచోట ఇద్దరు ఒకటైతే మూడోవాళ్లు ఒంటరివాళ్లవుతారు, వాదనలో న్యాయం ఎటున్నా సరే. అతను మూడు వారాలు రాలేదు. మేము ఒక్క పేజీ కూడా ముట్టుకోలేదు. అతను లేకుండా ముందుకు వెళ్లడం సాధ్యమే, కానీ అలా వెళ్లిన స్క్రిప్ట్ మాకు అక్కర్లేదని ఇద్దరం అనుకున్నాం. ఆ మాట అతనికి ఫోన్ చేసి చెప్పాల్సింది నేను, చెప్పడానికి మూడు వారాలు ఆలస్యం చేశాను. ఇప్పటికీ దానికి విచారిస్తాను.

అతను తిరిగొచ్చాక రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకరు రాసిన మాట వద్దన్నవాళ్లు దాని స్థానంలో మరో మాటతో రావాలి, ఉత్త చేతులతో వద్దనకూడదు. రెండోది, ఒక్కో డ్రాఫ్టును మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే తిరగరాయాలి. ఆ వారం రోజులూ మిగతా ఇద్దరూ దాన్ని చూడకూడదు. రెండో నియమంతో పాత్రల గొంతులు సర్దుకున్నాయి. మా మిత్రుడు స్క్రిప్ట్ మొత్తం తన చేత్తో రాసినప్పుడు, తన మాటలు ఎక్కడ కథను ఆపుతున్నాయో అతనికే కనిపించింది. ఇంకొకరు చెబితే అవమానంగా ఉండేది, తానే చూసుకుంటే పనిగా ఉంది. ఊతపదాన్ని అతనే తీసేశాడు, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోట బ్రోకరు నిజంగానే అనకూడని మాట అనబోతూ ఆగిపోతాడు. అక్కడ అది ఊతపదం కాదు, భయం.

ఇంకా మంచి మాట దొరికేదాకా ఉండనిద్దాం అనుకుని పెట్టిన మాటలను అంత తేలిగ్గా తీసేయకూడదని కూడా ఆ దశలోనే తెలిసింది. బిల్లీ వైల్డర్, ఐ.ఎ.ఎల్. డైమండ్ దశాబ్దాల పాటు జంటగా రాసిన రచయితలు. 1959లో వచ్చిన వాళ్ల హాస్యచిత్రం "సమ్ లైక్ ఇట్ హాట్"లోని చివరి మాట సినిమా చరిత్రలో ప్రసిద్ధమైంది. దాన్ని వాళ్లు తాత్కాలికంగానే పెట్టుకున్నారు, ఇంతకంటే మంచిది దొరకకపోతుందా అనుకున్నారు, చివరికి అదే ఉండిపోయింది. దానికి కారణం నాకు ఇలా తోస్తుంది: తాత్కాలికమైన మాట మీద రాసినవాళ్లకు గర్వం ఉండదు, దాన్ని అలంకరించాలన్న తాపత్రయం ఉండదు, కాబట్టి అది పాత్ర నోటికి ఎంత కావాలో అంతే ఉంటుంది. "పోశాడు" కూడా మేము అలాగే, తర్వాత చూద్దాంలే అనుకుని రాసినదే.

హక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి పేజీ రాయకముందే ఒక కాగితం మీద, ముగ్గురికీ సమాన భాగమని, మధ్యలో ఎవరైనా మానుకుంటే వాళ్ల భాగం ఏమవుతుందో, ఎవరికైనా ఇవ్వాలంటే ఎందరు ఒప్పుకోవాలో రాసుకుని సంతకాలు చేశాం. స్నేహితుల మధ్య కాగితమేమిటని అప్పుడు ఇబ్బందిపడ్డాం కానీ, ఆ మూడు వారాలూ ఎవరికీ ఏ అనుమానమూ రాకపోవడానికి ఆ కాగితమే కారణం. కాపీరైటు సాధారణంగా ఆలోచనకు ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది. కాబట్టి తేదీలతో సహా ప్రతి డ్రాఫ్టునూ దాచుకోవడం మంచిది. పేర్లు వేసే పద్ధతికి కూడా ఒక అర్థముంది. అమెరికాలోని సినీ రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ నియమం ప్రకారం ఇద్దరి పేర్ల మధ్య యాంపర్‌సాండ్ (&) గుర్తు ఉంటే వాళ్లు జంటగా కూర్చుని రాశారని, "అండ్" అని అక్షరాల్లో ఉంటే ఒకరి తర్వాత ఒకరు విడివిడిగా రాశారని అర్థం. మా పేర్ల మధ్య ఏ గుర్తు ఉండాలో మేము ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

పదమూడో నెలలో రెండో టేబుల్ రీడ్ జరిగింది. మళ్లీ కొత్తవాళ్లనే పిలిచాం, మళ్లీ వెనుక వరుసలో పెన్సిళ్లతో కూర్చున్నాం. ఇంటర్వెల్ సీనులో, ఇల్లు చూపించడం అయిపోయాక బ్రోకరు అందరినీ బయటికి పంపి తాళం వేస్తాడు. కథానాయకుడు కూడా ఇల్లు చూడవచ్చినవాడే కాబట్టి వాళ్లతోపాటు బయటికి రాక తప్పదు. అతని తాళంచెవి లోపలే ఉంది. అందరూ మెట్లు దిగి వెళ్లిపోతారు, అతనొక్కడూ తన తలుపు ముందు మిగులుతాడు. మొదటి డ్రాఫ్టులో అక్కడ మా మిత్రుడు రాసిన ఒక పెద్ద మాట ఉండేది, అతనికి ప్రాణప్రదమైన మాట. తాను తిరగరాసిన డ్రాఫ్టులో దాన్ని అతనే కొట్టేసి, కుడివైపు ఖాళీగా వదిలి, ఎడమవైపు రెండు వాక్యాలు రాశాడు: "అతను తలుపు వంక చూస్తూ కాసేపు నిలబడతాడు. కాలింగ్ బెల్ నొక్కుతాడు."

నటుడు ఆ రెండు వాక్యాలనూ మామూలుగా, ఏ నాటకీయతా లేకుండా చదివాడు. ఒక క్షణం గడిచాక ముందు వరుసలో ఒకావిడ నవ్వింది, ఆ తర్వాత అందరూ నవ్వారు, ఆ నవ్వు ఆగబోయి మళ్లీ లేచింది. మేము ముగ్గురం నవ్వలేదు. మిత్రురాలు గడియారం చూస్తోంది, మా మిత్రుడు తన కాపీ మీద గీత గీయడం మరచిపోయి పెన్సిలు పట్టుకుని అలాగే ఉన్నాడు, నేను తర్వాతి మాట ఎవరికీ వినబడలేదని గమనించాను. ఆ రాత్రే కూర్చుని, ఇంటర్వెల్ తర్వాత వచ్చే సీనులో మాటల్ని వెనక్కి జరిపి, వాటికంటే ముందు అతను మెట్ల మీద కూర్చునే చిన్న దృశ్యాన్ని చేర్చాం.